ఎవరు చేశారో ఎరగడమే కృతజ్ఞత



మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఆసుపత్రిలో మీ అమ్మ కోలుకుంటోంది. మీరు ఒళ్లో ల్యాప్‌టాప్‌తో పక్కనే ఉన్నారు. చుట్టాలు ఫోన్ చేసి "ఏదైనా మొక్కుకో" అంటారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలకు అదే పరీక్ష.

పాళీలో కృతజ్ఞతను 'కతఞ్ఞుతా' అంటారు. చేసిన మేలును ఎరగడం అని అర్థం. మొక్కుకుంటే ఆ మేలు కనపడని దేవుడి ఖాతాలోకి పోతుంది. అర్ధరాత్రి అమ్మ పక్కబట్టలు మార్చిన ఆయమ్మను మరిచిపోతాం.

వినయ పిటకంలోని మహావగ్గం చూడండి. విరేచనాలతో తన మలంలోనే పడివున్న భిక్షువును బుద్ధ భగవానుడు, ఆనందుడు కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయాలని భగవానుడు చెప్పారు. మలమూత్రాలను అసహ్యించుకోకపోవడం మంచి పరిచారకుడి లక్షణాల్లో ఒకటన్నారు. ఏ పని చేశారని మన తాతముత్తాతలను ఊరవతల ఉంచారో, ఆ పనే బుద్ధుడు తన చేతులతో చేశారు!

అందుకే డాక్టరుగారికి చెప్పినట్టే ఆయమ్మకూ జై భీమ్ చెప్పండి. ఆమె పేరు అడిగి అమ్మకు చెప్పండి. రేపు ఆ పక్కబట్టలు మీరే మార్చండి. ఆమె మనకు ఎంత చేసిందో అప్పుడు చేతులకు తెలుస్తుంది.

నమో బుద్ధాయ.