పెరటి బచ్చలి

కర్నూలు, కడప ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఏప్రిల్ వచ్చేసరికే 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పాలకూర పూతకొచ్చి చేదెక్కుతుంది, కొత్తిమీర వాడిపోతుంది. తీగబచ్చలి మాత్రం నిక్షేపంగా పందిరెక్కుతుంది. వేడికి వెరవదు, నీళ్లు మాత్రం అడుగుతుంది. అందుకే మన పెద్దవాళ్లు దాన్ని అంట్లు తోమే బండ పక్కన నాటారు. ఏడాదంతా కలిపి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, వాడిన నీళ్లతో ఒక కూర పండించుకోవడం చిన్న తెలివేం కాదు.

విత్తనమే అక్కర్లేదు. కూరకు ఆకు గిల్లుకుని, మిగిలిన కాడ ముక్కను తడిమట్టిలో గుచ్చితే వేరు పట్టేస్తుంది. పక్కింటి నుంచి తీగ అలాగే వస్తుంది, అలాగే ఇంకో ఇంటికి పోతుంది. నల్లగా మాగిన కాయలు నలిపి వేళ్లకు ఊదారంగు పూసుకోని పిల్లలుండేవారా మన వీధుల్లో!

జిగురని కొందరు ముఖం తిప్పుకుంటారు. వాళ్లు కందిపప్పులో చింతపండు వేసి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపిన బచ్చలి పప్పు తిని ఉండరు. పులుపు తగిలితే జిగురు అణుగుతుంది. పక్కన జొన్నరొట్టె, ఎర్రగడ్డ ఉంటే ఇక మాటలుండవు.

పేరు సంగతికొస్తే, 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ బచ్చలిని బసెల్లా అని నమోదు చేశాడు. మలబారు తీరంలోని పిలుపే అది. కన్నడిగులకు ఇప్పటికీ బసళె. ఇంతకీ, మీ పెరట్లో తీగకు పొద్దున నీళ్లు పోశారా?