దీపానికా దారి?

మా మరిది కారు హెడ్‌లైట్ల గూళ్లలో ఎరుపూ నీలమూ మెరిసే దీపాలు దాచి పెట్టించాడు. మీట నొక్కితే ముందువాళ్లు హడలి తప్పుకుంటారు. 2017 మే 1న మంత్రుల కార్ల నెత్తిమీంచి దిగిన బుగ్గదీపం ఇక్కడ దాక్కుందన్నమాట!

మొన్న పెళ్లికి పోతుంటే ఓ ఆటో గభాలున పక్కకి లాగి మట్టిలో దిగబడింది. అందులోని చంటిపిల్ల తల్లి, మా కారులో ఎవరికో ప్రాణంమీదికొచ్చిందనుకుంది కాబోలు, దణ్ణం పెట్టింది. నా ఒళ్లో పట్టుచీరల సంచీ.

అంబులెన్సుకి దారివ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019లో చట్టం సవరించారు. ఆవిడ జరిమానాకి జడిసి దణ్ణం పెట్టలేదే! దారి అందరిదీ, కాస్త ముందు వెళ్తే దొంగతనమా అని సర్దుకుందామంటే, మేం పుచ్చుకున్నది దారి కాదు, ఆవిడ జాలి. రేపు నిజం అంబులెన్సు వెనకొస్తే ఆ ఆటో ఒక్క క్షణం తటపటాయిస్తే?

మరిదితో ఈ మాటే అన్నాను. "ముహూర్తం మీకూ అందింది కదా వదినా!" అన్నాడు.

అందింది.