జీతంతో ఋణం తీరిందా?



“జీతం తీసుకుంటున్నారు, చేస్తే గొప్పేముంది?” పోలీసుల గురించి, అగ్నిమాపక సిబ్బంది గురించి మనం తరచు అనే మాట ఇది. ఇది న్యాయమేనా?

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రత్తి, మందుగుండు సామగ్రి ఉన్న ఓడ అంటుకుంది. ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది పేలుళ్ళకు బలయ్యారు. ఏటా ఆ రోజున దేశమంతటా వారిని స్మరిస్తారు. ఏ జీతం ఆ ప్రాణాలకు సరితూగుతుంది?

న్యాయం ఇచ్చినదాన్ని లెక్కగడుతుందనీ, కృతజ్ఞత ఇచ్చినవాని మనసును చూస్తుందనీ పునీత తోమాసు అక్వినాసు బోధ. జీతం పనిగంటలకు వెల. మంటలోకి అడుగుపెట్టే గుండెకు వెల లేదు. లంచం అడిగినవాణ్ణి తప్పుపట్టవలసిందే; అంతమాత్రాన అందరి త్యాగాన్నీ కొట్టివేయరాదు.

మరి మన వంతు? వేసవిలో మన పట్టణంలో పూరిల్లు అంటుకుంటే, ఇరుకు సందులో అడ్డంగా నిలిపిన మన స్కూటరు ఫైరింజనును ఆపుతుంది. గుమిగూడిన మనల్ని తప్పించడానికే పోలీసు అలసిపోతాడు. పిల్లలు సరదాకు 101కి చేసిన అబద్ధపు ఫోను ఒక పేదవాని ఇంటిని బుగ్గి చేయవచ్చు.

పొగడ్తలు తరువాత. ముందు దారి విడుద్దాం. అదీ కృతజ్ఞతే.