చెర్రీ చెక్కకు రంగెందుకు?

అమ్మలూ,

నీ ఉత్తరం, గ్యారేజీ ఫొటోలు అందాయి. మొదటి బేరమే భోజనాల బల్ల అయినందుకు సంతోషం. కొనేవాళ్లు కేటలాగులో ఉన్న ముదురెరుపే కావాలంటున్నారనీ, చిత్రిక పట్టిన చెర్రీ పలక చూస్తే పాలిపోయిన గులాబీ రంగులో ఉందనీ, ఏ స్టెయిన్ పూస్తే కుదురుతుందనీ అడిగావు. ఏదీ పూయొద్దు.

చెర్రీలోని చేవ వెలుతురు సోకినకొద్దీ ముదిరి, ఎర్రటి గోధుమ వన్నెకు తిరుగుతుంది. మొదటి కొన్ని నెలల్లోనే మార్పు కంటికి తెలుస్తుంది. ఆపైన ఏళ్ల తరబడి నిదానంగా సాగుతుంది. దానికి తొందరపడి రంగు పూస్తే, ఆ చెక్క అన్నిచోట్లా ఒకేలా పీల్చుకోదు. ఒకచోట మచ్చలు కట్టి నల్లబడుతుంది, పక్కనే వెలవెలబోతుంది. నేర్పుగా పూసి మచ్చలు లేకుండా గట్టెక్కావే అనుకో, లోపలి చెక్క ముదరడం మానదు కదా! ఇవాళ కేటలాగు ఫొటోకు సరిపోయిన బల్ల కొన్నేళ్లకు వాళ్లు కోరినదానికన్నా నల్లగా తేలుతుంది. అప్పుడు వాళ్లు ఫోన్ చేసి అడిగితే ఏం చెబుతావు?

అందుకే సంగతంతా ముందే చెప్పెయ్యి. బల్ల ఇప్పుడు లేతగా ఉంటుందనీ, తర్వాత ముదురుతుందనీ, కొత్తలో దానిమీద పళ్లెమో పూలకుండీయో ఒకేచోట ఉంచితే ఆ మేరకు లేత మచ్చ నిలుస్తుందనీ చెప్పు. మచ్చ పడ్డా భయం లేదు, వెలుతురు తగిలితే అదీ మెల్లగా కలిసిపోతుంది. ఒక చిన్న ముక్క తీసి, సగానికి నల్ల కాగితం చుట్టి, ఎండపడే కిటికీలో పెట్టు. కొన్ని వారాల తర్వాత కాగితం విప్పి వాళ్లకు చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే వాల్‌నట్ చూడమను. అది మాత్రం వెలుతురుకు లేతబడుతుంది, ఆ మాటా దాచకు! బేరం పోతే పోనీ.

ఇంకో చోట కూడా చెయ్యి జారే అవకాశం ఉంది. బెరడు కిందుండే చేవలేని కలప మీగడ రంగులో ఉంటుంది, చేవలా ముదరదు. కొత్తగా కోసినప్పుడు లేత చేవకూ దానికీ తేడా అంతగా కనిపించదు. కలప ఖరీదు కనుక కలిపేద్దామనిపిస్తుంది. కలిపావో, బల్ల మీద తెల్ల చార ఏళ్లకేళ్లు ఎద్దేవా చేస్తూ ఉంటుంది. అడుగువైపు వాడుకో, లేదా చూపించి ఒప్పించు. సన్నటి నల్ల చారల సంగతి వేరు. బెరడు తొలిచే పురుగులు చేసిన గాయాలకు చెట్టు ఊర్చిన బంక అది. దాన్ని లోపమనుకుని లప్పం పెట్టి కప్పేవాళ్లున్నారు. నాకైతే అవి ఉన్న పలకే ఇష్టం.

మేలైన చెర్రీకి పేరున్న చోటు వాయవ్య పెన్సిల్వేనియాలోని అలెగెనీ పీఠభూమి. సుమారు 1890 నుంచి 1930 లోపు అక్కడి హెమ్లాక్, బీచ్ అడవులను దాదాపు నేలమట్టం చేశారు. చెర్రీ మొక్క నీడలో ఎదగలేదు. నరికిన నేలమీద ఎండ పడేసరికి అదే విరివిగా లేచింది. నువ్వు కోసే పలక వెనక అంత నరుకుడు ఉంది, కనుక పొదుపుగా కొయ్యి.

చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో చెర్రీది 950 పౌండ్లు, హార్డ్ మేపుల్‌ది 1450. ఉలికీ చిత్రికకూ హాయిగా లొంగుతుంది. కానీ రంపం మధ్యలో ఆగితే అక్కడే నల్లగా కమిలిపోతుంది, కాబట్టి తోసే చెయ్యి ఆపకు. తేమను బట్టి పలక వెడల్పు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పైపలకను చట్రానికి జిగురుతో బిగించేస్తే బీటలు తప్పవు.

షేకర్లు అనే అమెరికా క్రైస్తవ సమాజంవాళ్లు చెర్రీతో చేసిన సన్నకాళ్ల బల్లలను వీలైతే మ్యూజియంలో చూడు. పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో పనిచేసిన కలప కళాకారుడు జార్జ్ నకషిమా పనితనం కూడా చూడు. 1930ల చివర ఆయన పుదుచ్చేరిలో గోల్కొండ్ వసతిగృహం కట్టించే పని చూశాడు. దానికి హైదరాబాద్ దివాను అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం విరాళం అందింది కాబట్టే ఆ పేరు. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

పూత అంటావా, అవిసె నూనె పలచగా రాసి, ఆరాక మళ్లీ రాయి, చాలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, బయట పరిచి ఆరబెట్టు.

బయానా ఇంకా తీసుకోలేదన్నావు. తీసుకునే లోపే వాళ్లతో మాట్లాడు.

మీ మామయ్య