నూనె పెనం ముందు ఎవరు?

కిమ్ హోంగ్‌దో అనే పద్దెనిమిదో శతాబ్దపు కొరియా చిత్రకారుడి కుస్తీ బొమ్మ ఒకటి చాలాకాలం నా లాప్‌టాప్ వాల్‌పేపర్‌గా ఉండేది. మధ్యలో ఇద్దరు మల్లులు, చుట్టూ జనం, విసనకర్రలు, విప్పి పక్కన పెట్టిన చెప్పులు, అసలు కుస్తీకేసే చూడకుండా మిఠాయి అమ్ముకునే కుర్రాడు. ఒకరోజు బిల్డ్ అవుతుంటే ఏం తోచక మనుషుల్ని లెక్కపెట్టాను. ఇరవై మందికి పైనే ఉన్నారు. ఒక్క ఆడమనిషి లేదు. (జడలతో కనిపించేవాళ్ళు పెళ్ళికాని మగపిల్లలు. నేనూ మొదట పొరబడ్డాను.)

ఆ కుస్తీ పేరు సిరుమ్. ఎనిమిది మీటర్ల వెడల్పున గుండ్రటి ఇసుక బరి. నడుముకీ తొడకీ సత్‌బా అనే గుడ్డ చుట్టుకుంటారు. ఒకరి సత్‌బా ఒకరు పట్టుకుని, మోకాళ్ళ మీద మొదలుపెట్టి లేస్తారు. మోకాలు గానీ, దాని పైభాగం ఏదైనా గానీ ముందు నేలకి తగిలినవాడు ఓడినట్టు. పాతరోజుల్లో గెలిచినవాడికి ఎద్దునిచ్చేవారు. 2018లో దీన్ని ఉత్తర, దక్షిణ కొరియాల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో జాబితాలో చేర్చారు. ఆ రెండు దేశాలకీ కలిపి ఒక పేరు చేరడం అదే మొదటిసారి.

ఆడవాళ్ళకి ఆటల్లేవని కాదు. ఐదోనెల ఐదోరోజు వచ్చే దానో పండక్కి వాళ్ళు ఉయ్యాలలూగేవారు, వస మొక్క కాచిన నీళ్ళతో తలంటుకునేవారు. మనం పసిపిల్లల నాలుక్కి రాసే వసే. ఎనిమిదో నెల పున్నమికి వచ్చే చుసొక్ రాత్రి, నైరుతి తీరంలో, చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ గాంగాంగ్‌సుల్లే పాడేవారు. బతుకమ్మ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడి పల్లెటూరి ఆడపిల్లలకి గొంతెత్తి పాడటానికీ, రాత్రిపూట బయటికి రావడానికీ చుసొక్‌కి తప్ప అనుమతి ఉండేది కాదట. దాన్ని పండగనాలో పెరోల్ అనాలో తెలీదు.

2022లో ప్రాజెక్టు పని మీద సువోన్‌లో ఉన్నప్పుడు ఒక కొలీగ్ చుసొక్‌కి వాళ్ళమ్మగారింటికి తీసుకెళ్ళాడు. చాలా ఏళ్ళు చుసొక్, మన భాద్రపద పున్నమి ఒకటే అవుతాయి. మర్నాటినుంచి మనకి పితృపక్షాలు. వాళ్ళు కూడా ఆ పొద్దున్నే చారే అని పెద్దలకి పళ్ళెం పెడతారు. ముందురోజు మేం వెళ్ళేసరికి హాల్లో టీవీలో సిరుమ్ పోటీలు. నేను, కొలీగ్, వాళ్ళ నాన్న, బాబాయిలు సోఫా చుట్టూ. పక్క గదిలో నేలమీద కరెంటు పెనం పెట్టుకుని వాళ్ళావిడ, వాళ్ళమ్మ, పిన్ని జొన్ వేయిస్తున్నారు. జొన్ అంటే చేపముక్కలూ గుమ్మడికాయ చక్రాలూ పిండిలో, గుడ్డులో ముంచి వేసే అట్లు. మూడుగంటలు వేయిస్తూనే ఉన్నారు. మేం వేడివేడిగా తింటూ, ఎవరు పడ్డారో ఎవరు లేచారో చూశాం. బావుంది అని మళ్ళీమళ్ళీ చెప్పింది నేనే.

సరిగ్గా ఆ వారమే సోంగ్యున్‌గ్వాన్ ఒక ప్రకటన చేసింది. అది 1398 నాటి కన్‌ఫ్యూషియన్ విద్యాపీఠం, ఇలాంటి విధుల్లో దాని మాట మనకి పీఠాధిపతుల మాటలాంటిది. పళ్ళెంలో తొమ్మిది రకాలు చాలు, నూనెలో వేయించినవి అక్కర్లేదు అని. పైగా కిమ్ జాంగ్‌సెంగ్ అనే పాత పండితుణ్ణి ఉదహరించి, నూనె వంటలు పెట్టడం అసలు ఆచారమే కాదంది. ఆ వార్త కొలీగ్ నవ్వుతూ వాళ్ళమ్మకి చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. ఏదో అంది. అతను కాసేపాగి నాకు చెప్పాడు: "మరి నలభై ఏళ్ళు నేను వేయించింది ఎవరికోసం?"

అప్పటిదాకా నా లెక్క తేలికగా ఉంది. కోడళ్ళ చాకిరీ తప్పు, తీసేస్తే సరి. ఛో నామ్‌జూ నవల ‘కిమ్ జియంగ్, 1982లో పుట్టింది’లో అత్తారింట్లో చుసొక్ పూట కోడలు ఉన్నట్టుండి తన తల్లి గొంతుతో మాట్లాడుతుంది. మీ అమ్మాయి పుట్టింటికొచ్చింది కదా, మా అమ్మాయినీ పంపండి అన్న అర్థంలో. నవల మొత్తంలో నన్ను ఎక్కువగా కుదిపింది అదే. కానీ ఆ నవల నన్ను కోడలి వైపు నిలబెట్టిందే గానీ, ఈ పెద్దావిడ ప్రశ్నకి జవాబివ్వలేదు. రేపటివాళ్ళకి సెలవివ్వాలంటే నిన్నటివాళ్ళతో, మీరు చేసింది ఎవరూ అడగని పని అని చెప్పాల్సొస్తోంది. చెప్పకపోతే ఆ పని రేపటికీ మిగిలిపోతుంది.

ఇంకో సంగతి. సమాధుల మీద గడ్డి కొయ్యడం అక్కడ మగవాళ్ళ వంతు. దాన్ని బెయొల్‌చో అంటారు. ఇప్పుడు డబ్బిస్తే ఆ పని చేసిపెట్టేవాళ్ళున్నారు. చాలామంది అలాగే కానిస్తారు. మగవాళ్ళ వంతుకి మిషనూ మనిషీ దొరికినంత సులువుగా ఆడవాళ్ళ వంతుకి మినహాయింపు రాలేదు. దానికి విద్యాపీఠం నోరు విప్పాల్సొచ్చింది.

పెద్దల రుణం అంటాం. ఆ కోడలు వేయించింది తన పెద్దలకి కాదు, భర్త పెద్దలకి. సిరుమ్‌లో నా బదులు ఇంకొకరు పడటం కుదరదు. రుణం మాత్రం ఇంకొకరి చేతుల్తో తీర్చి, నేనే తీర్చానని చెప్పుకోవచ్చు. ఇదంతా ఆ సోఫాలో కూర్చుని ఆలోచించలేదు. మా నాన్న పోయాక తట్టింది. "నాన్న తద్దినం పెడుతున్నాను" అని మేనేజరుకి సెలవు మెయిల్ కొట్టాను. నేను పెట్టింది పిండాలు. వంట నా భార్యది. మా నాన్నతో ఆమె పరిచయం మొత్తం రెండేళ్ళు. అంతకుముందు ముప్పై ఏళ్ళు, ఎన్నడూ చూడని మామగారికి మా అమ్మ వండింది.

కిందటి తద్దినానికి గారెలు నేనే వేస్తానన్నాను. పిండి తడి ఎక్కువైంది, చిల్లు నిలవలేదు, మొదటి నాలుగూ ముద్దలయ్యాయి. నా భార్య ఏమీ అనకుండా అరిటాకులు తుడుస్తోంది. అమ్మ వెనకనుంచి చూసి చూసి, "అవతలికి జరుగు, ఆయనకి ఇలాంటివి పెడతావా" అని గిన్నె లాక్కుంది.

ఇచ్చేశాను.