ఎరుక ఎవరి కోసం?



ఈ మధ్య ధ్యానం అనే మాట గుడిలో కన్నా ఆఫీసుల్లో ఎక్కువగా వినబడుతున్నది. ఉపాధ్యాయుల శిక్షణలో ధ్యానం, ఉద్యోగులకు ధ్యానం, సెల్‌ఫోనులో ధ్యానం. "ఫాదర్ గారూ, నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టాను, ఏదీ బుర్రకెక్కడం లేదు. రోజూ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటే చదువు పట్టుబడుతుందా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. దాని వెనుక మరొకటి దాగి ఉంది: ఆ కళ్ళు మూసుకోవడం ఎవరి కోసం?

మొదటిదానికి వైద్యుల జవాబు ఉంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ బౌద్ధ ధ్యానాన్ని మతంతో పని లేని శిక్షణగా మలిచారు. ఎనిమిది వారాల శిక్షణ అది. 2014లో అమెరికా పరిశోధకులు వివిధ ధ్యాన శిక్షణలపై జరిగిన 47 ప్రయోగాలను, అంటే 3,515 మంది ఫలితాలను, కలిపి పరిశీలించారు. ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గుతాయని తేలింది. ఏకాగ్రత పెరుగుతుందనడానికి మాత్రం తగిన ఆధారం దొరకలేదు. పరీక్షకు ముందు గుండె దడ తగ్గవచ్చు గాని, పాఠం చదివితేనే వస్తుందన్నమాట!

ఈ సాధన మన నేలకు కొత్త కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, విజయనగరం దగ్గర రామతీర్థంలో గురుభక్తుల కొండ మీద బౌద్ధ భిక్షువులు నివసించారు. పాళీలో దీని పేరు 'సతి', సంస్కృతంలో 'స్మృతి', మన వాడుకలో ఎరుక. అష్టాంగ మార్గంలో అది ఒక అంగం మాత్రమే. సరైన మాట, సరైన జీవనోపాధి దాని పక్కనే ఉన్నాయి. మిగతా ఏడూ వదిలేసి ఈ ఒక్కదాన్నీ మాత్రలా మింగమంటే బుద్ధుడే ఒప్పుకోడని నా అనుమానం.

ఆ శాలిహుండం శిథిలాలను 1919లో గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ, సవర భాష నేర్చుకోవాలని పూనుకున్నారు. ఆ భాషకు లిపి లేదు, చదువుకునే పుస్తకం లేదు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని, అతని నోట వచ్చిన మాటల్లా విని రాసుకున్నారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైను మింగీ మింగీ చెవులు పోగొట్టుకున్నారు. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయ్యేసరికి ఆయనకు అరవై ఏడో, అరవై ఎనిమిదో ఏళ్ళు. వయసు వచ్చినవారి చదువుకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ మన జిల్లాల్లో నాకు తెలియదు. పంతులు గారు విన్నది తన మనశ్శాంతి కోసం కాదు, ఎవరూ చెవిన పెట్టని మనుషుల మాట కోసం.

ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వేయి 1942లో ఒక దొమినికన్ గురువుకు పంపిన వ్యాసంలో ఈ సంగతే చర్చించారు. లెక్కకు జవాబు రాకపోయినా దాని మీద నిలిపిన శ్రద్ధ వృథా కాదట. ఆ శ్రద్ధే ప్రార్థనకూ, బాధలో ఉన్న పొరుగువాణ్ణి చూడడానికీ అక్కరకొస్తుందని ఆమె వాదన. 1989 అక్టోబరు 15 నాటి వాటికన్ లేఖ కూడా తూర్పుదేశాల ధ్యాన పద్ధతులను పూర్తిగా కాదనలేదు. శరీరానికి కలిగిన హాయినే పవిత్రాత్మ ఇచ్చిన ఓదార్పు అనుకోవద్దని మాత్రం హెచ్చరించింది.

ఇప్పుడు పలాస వైపు చూడండి. జీడిపిక్కలు కొట్టే తల్లుల చేతులను జీడినూనె కాల్చేస్తుంది. సాయంత్రం అలసి వచ్చిన ఆ అమ్మకు "ఊపిరి మీద మనసు పెట్టు, బాధ పోతుంది" అని చెప్పవచ్చునా? ఆమెకు కలిగే ఊరట నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. మనసు కుదుటపడనిదే పక్కమనిషి కూడా కనబడడు, ఒప్పుకుంటాను. కాని చేతులకు తొడుగులివ్వని యజమాని అదే మాట చెబితే అది మత్తుమందే.

కనుక పెద్దలకు చదువు చెప్పేవారికి నా సూచన ఒక్కటే. మొదట రెండు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టండి. తర్వాత పొదుపు సంఘం పాసుపుస్తకం తెరిచి ఒక అమ్మ చేత పైకి చదివించండి. మిగతావారు మధ్యలో దిద్దకుండా వినాలి. ఏదో ఒక కోత దగ్గర ఆగి ఆమె "ఇదేటి బాబూ?" అని అడిగితే, ఆ రోజుకు పాఠం అక్కడే ఆపి ముందు ఆ లెక్క తేల్చండి.