అద్దె ఇల్లు అవమానం కాదు, వడ్డీ ఇల్లు గౌరవం కాదు

నెల మొదటి వారం రాగానే మన ఇళ్లలో చాలామందికి గుబులు మొదలవుతుంది. ఇంటి యజమాని మెట్లు దిగే చప్పుడు వినబడితే చాలు, ఇల్లాలు భర్త ముఖం వైపు చూస్తుంది. "వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువ ఇవ్వాలి. ఇష్టమైతే ఉండండి, లేకపోతే వేరే ఇల్లు చూసుకోండి." ఈ ఒక్క మాటతో పిల్లల బడి, వృద్ధురాలైన అమ్మ మందులు, ఆయన దుకాణానికి వెళ్లే దారి అన్నీ ఒక్కసారిగా ప్రశ్నార్థకమైపోతాయి.

అంతలో బంధువులెవరో అంటారు: "ఇన్నేళ్లు కట్టిన అద్దెంతా బూడిదలో పోసిన పన్నీరే గదా భాయ్! ఆ డబ్బే బ్యాంకుకు కట్టి ఉంటే ఈపాటికి సొంతిల్లు అయ్యేది." ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ రాత్రి భార్యాభర్తలు నిద్రపోరు. ఒకవైపు వడ్డీ నిషిద్ధమన్న విశ్వాసం, మరోవైపు తలపై కప్పు లేకుండా పోతుందన్న భయం. ఈ రెండింటి మధ్య నలిగిపోతున్న కుటుంబాలు ఈనాడు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఈ సమస్యను కేవలం లెక్కల సమస్యగా కాక, ధర్మ సమస్యగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

అద్దె నిజంగా వృథాయేనా?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. అద్దె అనేది పారబోసిన డబ్బు కాదు. ఒక వస్తువు ద్వారా పొందిన ప్రయోజనానికి మనం చెల్లించే న్యాయమైన వెల అది. షరీఅత్ దీనిని 'ఇజారా' అంటుంది, ధర్మసమ్మతమని చెబుతుంది. ఆ నెలంతా మన పిల్లలు ఆ కప్పు కిందే నిద్రించారు, ఆ గోడల మధ్యే మనం నమాజు చేసుకున్నాం, ఎండావానల నుంచి రక్షణ పొందాం. నిన్న తిన్న అన్నం ఈరోజు కంటికి కనబడదు గనుక దానిని వృథా అనం గదా! అద్దె కూడా అంతే.

అలాగని సొంతిల్లు కావాలన్న కోరిక దురాశ కాదు. విశాలమైన ఇల్లు మనిషి సౌభాగ్యాలలో ఒకటని దైవప్రవక్త (స) వారు తెలియజేశారు. ఇళ్లను మానవులకు ప్రశాంతి నిలయాలుగా చేయటం తన అనుగ్రహమని అల్లాహ్ నహ్ల్ సూరా 80వ ఆయతులో గుర్తుచేస్తున్నాడు. పైగా కిరాయిదారుల బాధ ఊహాజనితమైనది కాదు. 15 వేల అద్దెపై ఏటా 10 శాతం పెంచుతూ పోతే ఏడేళ్లకు అది 29 వేలు దాటుతుంది. ఏ గుమాస్తా జీతం, ఏ దర్జీ సంపాదన ఆ వేగంతో పెరుగుతుంది? ఐటీ సంస్థలకు దగ్గరగా ఉన్నందువల్ల హైదరాబాద్‌లోని టోలీచౌకి వంటి చోట్ల ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. దీనికి తోడు కొన్ని వీధుల్లో మన పేరు వినగానే 'ఇల్లు అప్పుడే ఇచ్చేశాం' అనే మాట వినవలసి వస్తుంది. కనుక అద్దె ఇంట్లో ఉన్నవారి ఆందోళనను "తవక్కుల్ పెట్టుకోండి" అన్న ఒక్క మాటతో కొట్టిపారేయటం న్యాయం కాదు.

అద్దెకూ వడ్డీకీ తేడా ఏమిటి?

"ఎలాగూ నెలనెలా కట్టాల్సిందే. అది యజమానికి కడితేనేం, బ్యాంకుకు కడితేనేం?" అని కొందరు అడుగుతారు. తేడా ఉంది. చాలా పెద్ద తేడా ఉంది.

ఇల్లు అద్దెకిచ్చినవాడు ఆ ఇంటి నష్టభారాన్ని తానే మోస్తాడు. గోడ బీటలు వారితే ఆయనే బాగు చేయించాలి. ఖుదా నఖాస్తా ఇల్లు కూలిపోతే ఆ రోజు నుంచి అద్దె అడిగే హక్కు ఆయనకు ఉండదు. వడ్డీకి అప్పు ఇచ్చినవాడి సంగతి అలా కాదు. ఇల్లు కూలినా, ఉద్యోగం పోయినా, ఇంటి పెద్ద మంచాన పడినా అతని అసలు తగ్గదు, వడ్డీ ఆగదు. ఒకడు వస్తువు ఇచ్చి దాని బాధ్యత కూడా వహిస్తూ ప్రతిఫలం పొందుతున్నాడు. మరొకడు ఏ బాధ్యతా లేకుండా కేవలం కాలం గడిచినందుకు ప్రతిఫలం పొందుతున్నాడు. బఖరా సూరా 275వ ఆయతు వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించింది. ఈ రెండూ ఒకటేనని వాదించేవారిని గట్టిగా మందలించింది కూడా.

ఒక చిన్న లెక్క చూడండి. 40 లక్షల రూపాయల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు దాదాపు 36 వేలు కట్టాలి. మొదటి నెల కట్టే ఆ సొమ్ములో 30 వేలు వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఆరు వేలే. 20 ఏళ్లు గడిచేసరికి కట్టిన మొత్తం 86 లక్షలు దాటుతుంది. అందులో 46 లక్షల పైచిలుకు వడ్డీయే! అద్దెను 'బూడిదలో పోసిన పన్నీరు' అన్నవారు ఈ 46 లక్షలను ఏమంటారు?

"ఆ 20 ఏళ్లలో ఇంటి ధర అంతకంటే ఎక్కువ పెరుగుతుంది గదా!" అనవచ్చు. పెరగవచ్చు. కానీ విశ్వాసికి లాభం ఒక్కటే కొలమానం కాదు. లాభం వచ్చినంత మాత్రాన హరామ్ హలాల్ కాజాలదు. దైవప్రవక్త (స) వారు నమాజులో రుణభారం నుంచి తరచుగా అల్లాహ్ శరణు వేడుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఎందుకని అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని ఆయన సెలవిచ్చారు. అప్పు జేబుకే కాదు, నడవడికి కూడా చేటు తెస్తుందని దీనివల్ల మనకు బోధపడుతోంది.

గత్యంతరం లేని పరిస్థితి గురించి ఉలమాల మధ్య చర్చ జరగకపోలేదు. 1999లో యూరప్ ఫత్వా మండలి, ముస్లిమేతర దేశాల్లో నివసించే ముస్లింలు వేరే మార్గం లేనప్పుడు, కేవలం తమ నివాసం కోసం, కొన్ని షరతులకు లోబడి బ్యాంకు రుణంతో ఇల్లు కొనవచ్చని మెజారిటీతో అభిప్రాయపడింది. ఎందరో ఉలమాలు దానితో ఏకీభవించలేదు. ఇక్కడ మేము ఫత్వా ఇవ్వటం లేదు. నిజంగా గత్యంతరం లేదనుకునే కుటుంబం తన పరిస్థితిని దాచకుండా నమ్మకమైన ఆలిమ్ ముందు పెట్టాలి. అయితే 'గత్యంతరం లేదు' అనే మాటకూ, 'బావమరిది కొన్నాడు గనుక మేమూ కొనాలి' అనే మాటకూ మధ్య ఉన్న దూరం మన అంతరాత్మకు తెలియనిది కాదు.

మరో విషయం. వడ్డీ ఎప్పుడూ బ్యాంకు తలుపు గుండానే రాదు. మన ప్రాంతాల్లో భోగ్యం అనీ, రహన్ అనీ, కొన్నిచోట్ల లీజు అనీ పిలిచే పద్ధతి ఒకటుంది. యజమానికి ఐదారు లక్షలు ఒకేసారి ఇచ్చి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం సొమ్ము తిరిగి తీసుకుంటారు. చూడటానికి ఇద్దరికీ మేలే. కాని ఆ సొమ్ము అప్పు, ఆ అప్పు మీద పొందే ప్రయోజనమే ఉచిత నివాసం. అప్పుపై షరతుగా పొందే ప్రయోజనం వడ్డీ కిందికే వస్తుందని ఉలమాలు చెబుతున్నారు. ఎంతోమంది ధర్మపరాయణులు కూడా తెలియక ఇందులో పడిపోతున్నారు.

ఇళ్లున్న సోదరులకు ఒక మాట

ఇంతవరకూ కిరాయిదారులతో మాట్లాడాం. కాని అసలు మాట ఇంకా మిగిలే ఉంది. అది ఇళ్లున్నవారితో చెప్పవలసిన మాట.

మస్జిదులో వడ్డీ మహాపాపమని ఖుత్బా విని తల ఊపిన వ్యక్తే ఇంటికి వచ్చి, పదేళ్లుగా ఉంటున్న కుటుంబాన్ని మూడు వేల కోసం ఖాళీ చేయమంటే, ఆ కుటుంబాన్ని వడ్డీ గుమ్మం వైపు నెట్టింది ఎవరు? ఒక తలుపు మూసేవారు మరో తలుపు తెరిచి ఉంచాలి గదా! వడ్డీ వద్దని చెప్పే సమాజం, వడ్డీ లేకుండా బతికే వీలును కూడా కల్పించాలి. లేకపోతే మన బోధన పేదల మీద మాత్రమే పడే భారంగా మిగిలిపోతుంది.

అద్దె పెంచటం హరామ్ అని మేము అనటం లేదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధరలు నిర్ణయించమని ప్రజలు కోరితే, దైవప్రవక్త (స) వారు అందుకు అంగీకరించలేదు. యజమానికీ హక్కులున్నాయి. ఆ అద్దె మీదే బతుకుతున్న వితంతువులు, వృద్ధులు కూడా మన మధ్య ఉన్నారు. నెలల తరబడి అద్దె ఎగవేసి, గోడలు పాడుచేసి వెళ్లే కిరాయిదారులు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసిందే. అయితే నహ్ల్ సూరా 90వ ఆయతులో అల్లాహ్ న్యాయాన్ని మాత్రమే ఆదేశించి ఊరుకోలేదు, దానితోపాటు ఇహ్సాన్‌ను కూడా ఆదేశించాడు. మార్కెట్టు ధర అడగటం న్యాయం కావచ్చు. ఎదుటివాడి స్థితి చూసి కొంత తగ్గటం ఇహ్సాన్. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి గడువు ఇవ్వమని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది. ఒక నెల అద్దె ఆలస్యమైన కిరాయిదారు కూడా అలాంటి రుణగ్రస్తుడే గదా!

ఈ సందర్భంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇల్లు గుర్తుకు వస్తుంది. హిజ్రత్ చేసి మదీనా చేరిన దైవప్రవక్త (స) వారికి అక్కడ సొంతిల్లు లేదు. ఆయన అబూ అయ్యూబ్ (రజి) ఇంటి కింది భాగంలో బస చేశారు. ఒక రాత్రి పై అంతస్తులో నీళ్ల కుండ పగిలింది. నీళ్లు కిందికి కారి దైవప్రవక్త (స) వారికి ఎక్కడ ఇబ్బంది కలుగుతుందోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ నీళ్లను అద్దారు. ఆ రాత్రి వారికి కప్పుకోవటానికి మరొకటి లేదు. ఈనాడు పై అంతస్తులో ఉండే ఎంతమంది యజమానులు కింది అంతస్తు గోడ చెమ్మ గురించి ఆలోచిస్తున్నారు?

కొనుగోలు విషయంలోనూ ఆ రోజుల్లోనే మనకు ఆదర్శం లభించింది. మస్జిద్ కోసం ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా దైవప్రవక్త (స) వారు ఒప్పుకోలేదు, వెల కట్టే తీసుకున్నారు. ఇచ్చేవాడు ఉదారంగా ఉండాలి, తీసుకునేవాడు ఎదుటివారి హక్కును నిలబెట్టాలి. ఈ రెండూ కలిస్తేనే ఇల్లు శుభప్రదమవుతుంది.

మనం ఏం చేయగలం?

పెద్ద పెద్ద పథకాలు అక్కర్లేదు. మొదటిది, అద్దె ఒప్పందాన్ని స్పష్టంగా రాసుకుందాం. లావాదేవీలను రాసుకోమని బఖరా సూరా 282వ ఆయతు నేర్పుతోంది. అద్దె ఎంత, ఎప్పుడు ఎంత పెంచుతారు, అడ్వాన్సు ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారు, ఖాళీ చేయటానికి ఎంత గడువు అన్నవి ముందే తేలిపోతే సగం తగవులు పుట్టవు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదని సూచించింది. చట్టం సూచించిన ఆ పాటి మేలును దైవభీతి గలవారు తమంతట తామే చేయలేరా?

రెండవది, నలుగురు బంధువులు, మిత్రులు కలిసి వేలంపాట లేని చీటీ నడుపుకోవచ్చు. అందరూ సమానంగా వేసి, వంతులవారీగా పూర్తి సొమ్ము తీసుకునే ఈ పద్ధతిలో వడ్డీ లేదు. దానితో ముందు చిన్న స్థలం, తర్వాత ఒక గది, ఆ పైన మరో గది. ఇలా నెమ్మదిగా కట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఎన్ని లేవు! అయితే 'హలాల్' అనే మాట చూసి ముక్కూమొహం తెలియని కంపెనీల చేతిలో కష్టార్జితం పోయకండి. అలా మోసపోయి కన్నీళ్లు పెట్టుకున్న కుటుంబాలను మనం చూశాం.

మూడవది, స్తోమత గలవారు ఖర్జె హసనా అలవాటును తిరిగి బతికించాలి. నాలుగు పెళ్లి విందుల ఆడంబరం తగ్గితే ఒక కుటుంబానికి పునాది పడుతుంది.

చివరిగా, ఈ సంవత్సరం అద్దె ఇంట్లోనే గడపవలసి వచ్చిన తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లల ముందు తలదించుకోకండి. "మాకు సొంతిల్లు లేదు" అని కాదు, "మా ఇంట్లో వడ్డీ లేదు" అని వారికి చెప్పండి. సంబంధాలు చూసేటప్పుడు సొంతిల్లు ఉందా అని అడిగే పెద్దలు, అది ఏ సొమ్ముతో వచ్చిందో కూడా అడగటం నేర్చుకోవాలి. ఎవరి ఇంటికైనా మనం యజమానులం కాము. పత్రాలు ఎవరి పేరున ఉన్నా, ఏదో ఒక రోజు అందరం ఖాళీ చేసి వెళ్లవలసినవాళ్లమే. ఆ రోజు మనల్ని అడిగేది ఇల్లు ఎంత పెద్దదని కాదు, అది ఎలా వచ్చింది, అందులో ఎవరికి నీడనిచ్చాం అని.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనతో కూడిన ప్రశాంత నివాసాన్ని, ఇళ్లున్నవారికి దయగల హృదయాన్ని, లేనివారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.